పాట రాని కార్డు

ఈమధ్య పలాసలో ఒక కాలేజీ వాళ్ళు నన్ను పిలిచి, పత్రికల్లోకి రావాలనుకునే పిల్లలతో మాట్లాడమన్నారు. పరిచయం చేసిన అధ్యాపకుడు మంచివాడు. నా జీవితమంతా కవిత్వం, చింతన, ప్రయాణం అనే మూడింటి మధ్య సాగిందన్నాడు. కుర్చీలో కూర్చుని వింటుంటే ఎవరో అదృష్టవంతుడి గురించి చెబుతున్నట్టుంది. మైకు ముందు ఏవో నాలుగు మాటలు చెప్పి, శాలువా తీసుకుని ఇంటికొచ్చేశాను. చెప్పాల్సింది చెప్పలేదు. చెప్పేంత ఓపిక కూడా ఆ పూట లేదు. ఆ పిల్లల కోసమే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ప్రయాణం

నేను ఒక దినపత్రికకు పలాస విలేకరిగా ఉండేవాణ్ణి. ఉత్తరాన మందస, దక్షిణాన టెక్కలి, తూర్పున సముద్రం, మధ్యలో ఉద్దానం కొబ్బరి తోటలు, ఇదీ నా ప్రపంచం. ఆదివారం జిల్లా పేజీలో 'దారిలో' అనే శీర్షిక కూడా రాసేవాణ్ణి. యాత్రా రచన అంటే పాఠకులు కాశీ, హరిద్వారం ఆశిస్తారు. నేను సుమ్మాదేవి స్టేషను గురించి రాశాను. పాసింజరు ఆగితే ఇద్దరు ముగ్గురు దిగి, పట్టాలు దాటి, పొలాల్లోకి వెళ్ళిపోతారు. అంతకు మించి అక్కడ ఏమీ జరగదు.

డెస్కు ఇన్‌చార్జి ఫోను చేశాడు. ఆయన పేరు రాయను. ముక్కుసూటి మనిషి, భాష తెలిసినవాడు, కడుపులో మంట ఉన్నవాడు.

"సుమ్మాదేవిలో చూడ్డానికేముందయ్యా?"

"దిగేవాళ్ళున్నారండి."

"సరే, వేస్తున్నాను. వచ్చే వారం కనీసం ఒక గుడైనా ఉండేలా చూడు" అన్నాడు.

ప్రయాణమంటే నాకు ఇంతే. మోటారు సైకిలు వెనక సీటు, టెక్కలి కోర్టు ఆవరణ, సంతబొమ్మాళి బస్సులో చేపల బుట్టల పక్కన నిలబడటం. కొత్త ఊళ్ళు చూడలేదు. ఉన్న ఊళ్ళకే మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ అంతకుముందు చూసిన మనుషుల్లో ఒకరో ఇద్దరో ఉండేవారు కారు.

చింతన సంగతి కూడా చెప్పేస్తాను. ఈ వృత్తిలో చింతన అంటే ఎదురుచూడటం. అధికారి వస్తాడని, శవపరీక్ష అవుతుందని, బస్సు కదులుతుందని. ఏమీ చేయలేని ఆ సమయంలో తల పనిచేస్తుంది. ఇప్పుడు మీరు ఆ ఖాళీలో ఫోను చూస్తారు. తప్పని అనను. అప్పట్లో నా జేబులో ఫోను ఉంటే నేనూ చూసేవాణ్ణే.

మంచివాళ్ళే చనిపోతారా

మొదట్లో నేను రాసిన మరణవార్తలన్నీ ఒకేలా ఉండేవి. పోయినాయన ఉదారుడు, మృదుస్వభావి, నలుగురికీ తలలో నాలుక. ఒకరోజు ఇన్‌చార్జి అడిగాడు.

"మీ ఉద్దానంలో చెడ్డవాళ్ళెవరూ చావరా?"

"అలాగని కాదండి, ఇంటివాళ్ళు అలా చెప్పారు."

"నువ్వు అలా అడిగావు, వాళ్ళు అలా చెప్పారు. ఇంట్లో ఆయనతో దేనికి పోట్లాడేవారో అడుగు. అప్పుడు మనిషి కనిపిస్తాడు."

పత్రికలో ఇంతకు మించిన పాఠం నాకెవరూ చెప్పలేదు. దీన్ని వార్తల కంటే కవిత్వంలోనే ఎక్కువ వాడుకున్నాను. నా కవిత్వానికి సంపుటాల్లో పాఠకులు దొరకలేదు. దొరికింది పెదకార్యం కార్డుల మీద.

మా వైపు మనిషి పోయాక పెదకార్యానికి పిలుస్తూ కార్డు కొట్టిస్తారు. పైన ఫొటో, కింద రోజూ వేళా, మధ్యలో నాలుగు పాదాలు. వాటిని పాట అంటారు. పలాసలో ప్రెస్సు నడిపే సింహాచలం నాకు వరసకు బావ. మందస వైపు ఒక కొబ్బరి రైతు పోయినప్పుడు "బావా, నాలుగు ముక్కలు రాసీ, పాత ముక్కలే ఎన్నిసార్లు కొడతాను" అన్నాడు. వెళ్ళి ఆ రైతు భార్యను అడిగాను, ఆయనతో దేనికి గొడవలయ్యేవని. ఆవిడ ఏడుపు మధ్యలోనే తిట్టింది.

"ఎవులు మొక్క నాటినా ఆయనకి నచ్చదు బాబూ. వొంకర అనీసి పీకీసి, మల్లీ ఆయనే నాటీవోడు. నాను నాటినివి కూడా పీకీసినాడు."

ఆ కార్డు మీద ఇలా రాశాను.

*ఎవరు నాటిన మొక్కైనా*
*వంకర అని మళ్ళీ నాటేవాడు.*
*ఈ తోటలో నిటారుగా ఉన్న ప్రతి చెట్టూ*
*అతనితో పోట్లాడి పెరిగిందే.*

కార్డు పంచుతుంటే ఆ ఇంట్లో నవ్వారట. అక్కణ్ణుంచి మొదలైంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి నేను రాసిన వార్తలు చదివి పెద్దవాళ్ళు వచ్చారు, మాట్లాడారు, ఫొటోలు దిగారు, వెళ్ళారు. ఆ వార్తల్లో ఉన్న మనుషుల కార్డులు కూడా తర్వాత నేనే రాశాను. ఒకే మనిషిని రెండుసార్లు రాయడం అలవాటైపోయింది. ఈ అలసట అప్పటిది. పదవీ విరమణతో పోయే రకం కాదు.

కొన్నేళ్ళకు సముద్రం ఒడ్డు ఊళ్ళలో ఒక పట్టింపు వచ్చింది. పాట లేని కార్డు పంచితే పోయినవాణ్ణి చులకన చేసినట్టు. బంధువులు కార్డు తిప్పి చూసి, "పాటేది?" అనేవారు. పాట నేనే రాయాలన్నారు. ఇందులో గర్వపడేదేమీ లేదు. వేరే ఎవరూ ఆ పని చేయడానికి రాలేదంతే.

గల్లంతు

సంతబొమ్మాళి మండలంలో ఒక మత్స్యకారుల వాడ. ఒక తెల్లవారుజామున వేటకు వెళ్ళిన బోటు అలల్లో తిరగబడింది. మిగతావాళ్ళు ఈదుకుని వచ్చారు. దానేసు రాలేదు. అతను డీజిలు డబ్బా పట్టుకుని ఉత్తరంగా కొట్టుకుపోవడం చూశానని వాళ్ళలో ఒకడు చెప్పాడు. ఒరిస్సా బోట్లు అటు తిరుగుతాయి. ఎవరైనా ఎక్కించుకుని ఉండొచ్చు. ఎక్కించుకోకపోయీ ఉండొచ్చు.

'మత్స్యకారుడి గల్లంతు' అని వార్త రాశాను. గల్లంతు అనేది పత్రికకు ఒక్క పూట మాట. మర్నాడు దొరికాడనో పోయాడనో రాసి ముగించాలి. ఇన్‌చార్జి రెండుసార్లు అడిగాడు, మృతి అని వేసేద్దామా అని. శవం లేదండి అన్నాను. ఊరుకున్నాడు. పత్రిక వేరే వార్తల్లో పడింది.

నెలలు గడిచాక దానేసు తండ్రి సోమయ్య ప్రెస్సుకు వచ్చాడు. ఎండకు నల్లబడి, ఉప్పుగాలికి కళ్ళు ఎర్రబడ్డ ముసలాయన. కొడుకు ఫొటో పట్టుకొచ్చాడు. రెండో కొడుకు ఈశ్వరరావుకు పక్క ఊళ్ళో సంబంధం కుదిరింది. పెద్దవాడి సంగతి తేలనిదే ఆ ఇంటికి పిల్లనివ్వమని వాళ్ళు మొండికేశారు. ఉంటే ఉన్నాడనాలి, లేకపోతే పెదకార్యం చేసెయ్యాలి. వాడలో పెద్దలు కూడా చేసెయ్యమన్నారు.

"మంచి మాటలు రాసీ బాబూ" అన్నాడు సోమయ్య.

అలవాటు ప్రకారం అడిగాను. "మీ అబ్బాయితో దేనికి గొడవపడేవారు?"

ముసలాయన ఫొటో వైపు చూసి, "నాకేటి తెల్దు. దాన్నడుగు, కోడల్ని" అన్నాడు.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. దానేసు భార్య నీలవేణి వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. నొసట బొట్టు ఉంది, చేతులకు గాజులున్నాయి. నేనెవరినో చెప్పగానే లేచి కొంగు సర్దుకుంది. వచ్చిన పని చెప్పాను. మళ్ళీ కూర్చుని చేపలు తిరగేయడం మొదలుపెట్టింది.

"దేనికి దెబ్బలాడుకున్నామో సెప్తే పాట రాసేత్తావేటి?"

"అవునమ్మా."

"సెప్పను. ఎల్లు."

వెళ్ళలేదు. కాకుల్ని అదిలిస్తూ కాసేపటికి తనే మాట్లాడింది.

"మా ఇంట్లో గోడ గడియారం సూడు బాబూ."

తలుపులోంచి చూశాను. ముల్లు ఆగిపోయి ఉంది.

"ఆడు ఏటకెల్లినప్పుడల్లా దాన్లో సెల్లు తీసీసి టార్చిలైట్లో ఎట్టుకుంటాడు. రిమోటులోది ఒకటి, గడియారంలోది ఒకటి. కొత్తవి కొను అంటే ఇనడు. ఆడు సముద్రం మీదుంటే ఇక్కడ టైము తెల్దు, సీరియలు తెల్దు. మూల మూలకీ ఎతికి తిట్టీదాన్ని. ఒడ్డుకొచ్చి సెల్లులెట్టీవరకూ అలగే ఉంటాది. ఆ దెబ్బలాటింకా అవ్వనేదు. అవ్వని దాని మీద పాటేటి రాత్తావు?"

"మీ మామగారు..."

"ఆయన బాద నాకు తెల్దా? మరిదికి పెల్లి అవ్వాల. నాను కాదననేదు. కానీ కార్డొచ్చిందంటే మర్నాడు ఈల్లు నన్ను సముద్రం కాడికి తీసుకెల్లి గాజులు తీసీత్తారు. ఉన్నోడి పేరు మీద గాజులు తీయించుకోనా?" ఒక చేపను పట్టుకుని ఊపింది. "పాట లేపోతే కార్డు పంచరు గదా ఇక్కడ?"

"పంచరు."

"మరింకేటి. నీకు రానేదని సెప్పీ."

రాలేదు

కవులకు రాకపోవడం మామూలే. సాహిత్య సభల్లో దాన్ని గొప్పగా చెప్పుకుంటారు. నాకు అప్పటిదాకా ఎప్పుడూ ఆ సౌకర్యం లేదు. పత్రికలో పనిచేసేవాడు వేళకు రాసి తీరాలి. ఆ ఒక్క కార్డు విషయంలోనే నేను కవుల్లా ప్రవర్తించాను.

సోమయ్య బస్సెక్కి పలాస వచ్చేవాడు. ప్రెస్సు అరుగు మీద కూర్చుని, బీడీ వెలిగించి అడిగేవాడు.

"పాటొచ్చిందా బాబూ?"

"రాలేదు సోమయ్య గారూ."

"రానేదా. సరే." టీ తాగేవాడు. జీడిపప్పు బట్టీల పొగ ఎటు వీస్తోందో చూసి, గాలి మారిందనేవాడు. ఇంకో మాట అడగకుండా వెళ్ళిపోయేవాడు.

సింహాచలానికి ఒళ్ళు మండింది. "బావా, తుపానులో ఊరంతా సీకటైపోతే కొవ్వొత్తి ఎలుతుర్లో రాసీసినావు. ఈ నాలుగు ముక్కలకి నీకేటొచ్చింది?"

"రావటం లేదు బావా."

"ముసిలోడు బస్సుల్లో తిరగలేక సచ్చిపోతాడు. ఆడికి కూడా నువ్వే రాయాల."

ముసలాయన ముఖం చూసేవాణ్ణి కనక నాకు మెల్లగా అర్థమైంది. నేను రాలేదన్నప్పుడు ఆయన భుజాలు కిందికి దిగేవి, బరువు దించుకున్నవాడిలా. వాడలో పెద్దలు అడిగితే చెప్పడానికి ఒక మాట దొరికేది. విలేకరి బాబుకి పాట రానేదట. ఆ మాట కోసమే బస్సెక్కి వచ్చేవాడు. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ పైకి అనుకోలేదు.

ఒకసారి ఈశ్వరరావు ఒక్కడే వచ్చాడు. విశాఖలో షిప్‌యార్డులో పనిచేస్తున్న కుర్రాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏటి సార్, మా అన్న మీద పాట రాయడానికి మీకు మనసు రావట్లేదా, లేపోతే మా వొదిన వొద్దందా?"

చేతిలో ఉన్న కాగితం పక్కన పెట్టాను.

"నాకు తెలుసు. ఆడు నన్ను భుజాల మీద ఎత్తుకుని ఈత నేర్పినాడు. నాకు లేదా బాద? నాలుగు ముక్కలు రాయనేక మీరందరూ కలిసి నన్ను గల్లంతు సేత్తన్నారు. ఆ పిల్ల ఎన్నాల్లు కూకుంటాది సార్?"

అతను చెప్పిందాంట్లో ఒక్క అక్షరం కూడా అన్యాయం కాదు. మీరు ఈ వృత్తిలోకి వస్తే ఇలాంటి రోజు ఎదురవుతుంది. ఇద్దరు చెప్పేదీ నిజం, ఇద్దరికీ మేలు చేయలేం. ఏదో ఒక పక్క రాసేస్తే పని అయిపోతుంది. నేను రాయలేదు. అది సరైన పనో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు. అతను వెళ్ళాక వాడకు వెళ్ళి, అతను అన్న ప్రతి మాటా నీలవేణికి చెప్పాను. చేయగలిగింది అదొక్కటే అనిపించింది.

ఆమె వింది. "గల్లంతు అన్నాడా?" అని మాత్రం అడిగింది.

శుభలేఖ

కొన్నాళ్ళకు సింహాచలం కబురు చేశాడు. వెళ్ళేసరికి సోమయ్య, ఈశ్వరరావు, నీలవేణి ముగ్గురూ అరుగు మీద ఉన్నారు. కార్డుకే వచ్చారనుకున్నాను. సింహాచలం చేతిలో పసుపు పూసిన కాగితం ఉంది.

"పెల్లి కార్డు బావా. ఆహ్వానించే వాల్లలో పెద్దబ్బాయి పేరుంది. పేరు ముందు 'కీర్తిశేషులు' కొట్టమంటావా, వొద్దంటావా? నువ్వు సదువుకున్నోడివి, సెప్పు."

నీలవేణి అందుకుంది. "దానేసు, నీలవేణి దంపతులు అని కొట్టీ. ముందేటీ వొద్దు."

జరిగింది ఆమే చెప్పింది. పక్క ఊరికి తనొక్కతే వెళ్ళి, పెళ్ళికూతురి తల్లిని వాకిట్లోకి పిలిచిందట.

"మీ పిల్లకి తోటికోడలు ఎలగుంటాదో సూసుకోవాల గదా అన్నాను. మా ఆయన బతికున్నాడో నేడో మీకు సూపించనేను గానీ, నాను బతికున్నాను, సూసుకోండి అన్నాను. పందిట్లో ముత్తైదువుల్లో కూకుంటాను. మీకు అడ్డమైతే ఇప్పుడే సెప్పీండి, ఎల్లిపోతాను. మరిది పెల్లి ఆపొద్దు అన్నాను."

"ఆవిడేమంది?"

"ఏటంటాది? సేనాసేపు సూసి, కాఫీ తాగుతావా అంది."

ఈశ్వరరావు తల వంచుకుని నవ్వాడు. నా వైపు చూసి, "సార్, దీనికి పాటక్కర్లేదులెండి" అన్నాడు.

పెళ్ళయింది. వెళ్ళి భోజనం చేసి వచ్చాను. నీలవేణి పందిట్లో ముందు వరసలోనే కూర్చుంది.

వచ్చింది

తర్వాత చాలా జరిగింది. ఇన్‌చార్జి పోయాడు. ఆయన మీద పత్రికలో వేసిన వార్తలో మృదుస్వభావి అని రాశారు. చదివి బాధేసింది. జిల్లా పేజీలు తగ్గాయి. 'దారిలో' ఆగిపోయింది. నేను విరమించాను. కార్డుల మీద పాటలు ఇప్పుడు ఫోనులో దొరుకుతున్నాయి. ఏ ఇంటికైనా సరిపోయేలా ఉంటాయి. సింహాచలం అవే కొడుతున్నాడు. నాకూ విశ్రాంతిగానే ఉంది.

మొన్న వేసవిలో నీలవేణి మా ఇంటికి వచ్చింది. జుట్టు నెరిసింది. చేతిలో చిన్న సంచి. మంచినీళ్ళు తాగి, గోడ మీద మా గడియారం వైపు చూసి కూర్చుంది.

"గడియారంలో సెల్లు ఎట్టీసినాను బాబూ" అంది.

కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

"మా తోటికోడలు కూతురు బడికెల్తంది. టైము అడుగుతాది. రోజూ ఫోను సూసి సెప్తన్నాను. మొన్న కొట్టుకెల్లి నానే కొనీసినాను. ఎట్టీగానే నడిసింది. ఏటీ అవ్వనేదు, ఉత్తినే నడిసింది." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇప్పుడు రాసీ."

"ఎవరైనా బలవంతం చేశారా?"

"నన్నెవులు బలవంతం సేత్తారు? గాజులు తీయనని సెప్పీసినాను. ఆల్లూ సరేనన్నారు. కార్యం మాత్రం సేద్దారి. ముసిలాయన కూడా పెద్దోడైపోనాడు. కొడుక్కి నీల్లొదల్నేదని లోపల్లోపల ఉంటాది గదా."

ఆవిడ ఎదురుగా కూర్చునే ఉంది. కాగితం తీసుకున్నాను. ఇన్నాళ్ళూ రాలేదన్న పాట ఒక్క కొట్టివేత లేకుండా వచ్చింది.

*టార్చిలైటు కోసం సెల్లు తీసుకుని*
*ఇంటి గడియారం ఆపి వెళ్ళేవాడు.*
*గడియారం మేమే నడుపుకుంటున్నాం.*
*వెలుతురు అతని దగ్గరే ఉండనీ.*

చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. చదివాను. "దెబ్బలాట రాయనేదు" అంది. "అందులోనే ఉందమ్మా" అన్నాను. ఆలోచించి, ఉందిలే అన్నట్టు తలూపింది.

కార్డులు అచ్చయ్యాక నేనే తీసుకుని బస్సెక్కాను. పిల్లలూ, మీరు అడుగుతారు, కవిత్వం వల్ల ఏం జరిగిందని. నా మట్టుకు, ఒక పాట కొన్నేళ్ళపాటు రాకుండా ఉండగలిగింది. అచ్చయిన వాటిలో దేనివల్లా అంత పని జరగలేదు.

సోమయ్య ఒడ్డున, బోల్తా వేసిన పడవ నీడలో కూర్చుని ఉన్నాడు. చూపు బాగా తగ్గింది. పేరు చెప్పాను. పక్కకు జరిగి చోటిచ్చాడు. ఎప్పటిలా పాటొచ్చిందా అని అడగలేదు. కార్డు ఆయన చేతిలో పెట్టాను. చదవడం రాదు. వేళ్ళతో కార్డంతా తడిమాడు, ఫొటో ఉన్న చోట నున్నగా, కింద అక్షరాలున్న చోట కొంచెం గరుగ్గా.

సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు.

"అయితే వొచ్చీసిందన్నమాట" అన్నాడు.